కూర్చునే ప్రసంగించారు.. సభ లేచి నిలబడింది!

సభలో పేరు పిలిస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టడం మర్యాద. గ్రంథాలయ వారోత్సవమైనా, పాల సంఘం మహాజన సభ అయినా ఇదే తీరు. కానీ 1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన కంప్యూటరు నిపుణుల మహాసభలో ఒక వక్త తన పేరు పిలిచినా కుర్చీలోంచి లేవలేదు.

పొగరుతో కాదు. ఆయన కుర్చీకి ఒక బల్ల అమర్చి ఉంది. దాని మధ్యన టైపు మిషను మీటలు, ఎడమ చేతి వైపు హార్మోనియం మెట్లలాంటి 5 మీటలు, కుడి చేతి కింద గుప్పిట్లో ఇమిడే చిన్న పెట్టె. చెవులకు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పెట్టుకునేలాంటి తొడుగు, నోటి ముందు చిన్న మైకు. వెనక సుమారు 20 అడుగుల తెర. పరిచయం చేసినప్పుడు కూర్చునే ఉన్నందుకు ఏమీ అనుకోవద్దని, ఇక మీదట తాను ఎక్కువగా ఈ తెర ద్వారానే కనిపిస్తానని ఆయన మొదట్లోనే సభికులకు విన్నవించుకున్నారు.

ఆ తరువాత గంటన్నర సేపు ఆయన కుర్చీ వదల్లేదు. ముగిసేసరికి హాలులోని సుమారు 1000 మంది ఇంజనీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆయన పేరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. అప్పటికి వయసు 43 ఏళ్ళు. నేడు మీసేవ కేంద్రంలోనో, సహకార బ్యాంకులోనో గుమాస్తా బల్ల మీద అటూ ఇటూ జరిపే 'మౌసు' అంత పెద్ద సభ ముందుకు వచ్చింది ఆ గంటన్నరలోనే. అయితే ఆనాడు ఆయన చూపించింది మౌసు ఒక్కటే అయితే ఇంత కథ లేదు.

ఎవరీ ఎంగెల్‌బార్ట్?

ఎంగెల్‌బార్ట్ 1925లో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ నగరంలో పుట్టారు. తండ్రికి రేడియోల దుకాణం ఉండేది. కుర్రవాడికి 9 ఏళ్ళప్పుడు తండ్రి పోయాడు. నగరం వెలుపల ఓ చిన్న కమతంలో తల్లి పెంపకంలో పెరిగాడు. అవి అమెరికాలో పనులు దొరకని రోజులు. తండ్రి లేని ఇల్లు, చేతిలో పైసా ఆడని కాలం ఎలా ఉంటాయో మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న వేళ నౌకాదళంలో రాడారు మెకానిక్కుగా ఆయన్ను ఫిలిప్పీన్స్ దీవులకు పంపారు. అక్కడ వెదురు గుంజల మీద నిలబెట్టిన ఓ గుడిసెలో రెడ్‌క్రాస్ వారి గ్రంథాలయం ఉండేది. పని లేనప్పుడు అక్కడ కూర్చుని చదువుతుండగా వానెవర్ బుష్ అనే శాస్త్రవేత్త 1945లో రాసిన వ్యాసం ఒకటి కంటబడింది. ఒక మనిషి తన పుస్తకాలను, కాగితాలను అన్నింటినీ ఒక బల్లలోనే దాచుకుని, ఒకదాని నుంచి మరొకదానికి దారి వేసుకుంటూ వెతుక్కునే యంత్రం రావాలన్నది అందులోని ఊహ. ఆ ఊహ ఆయన మనసులో నాటుకుపోయింది.

1950 డిసెంబరులో పెళ్ళి కుదిరింది. అప్పటికే మంచి ఉద్యోగం ఉంది. మరెవరైనా అయితే ఇక స్థిరపడినట్టే అనుకునేవారు. ఈయన మాత్రం కారులో ఉద్యోగానికి పోతూ, 'ఇక మిగిలిన జీవితంలో నేను చేయాల్సింది ఏమిటి?' అని తనను తానే ప్రశ్నించుకున్నారు. లోకంలో చిక్కు సమస్యలు పెరిగిపోతున్నాయి, వాటిని నలుగురూ కలిసి పరిష్కరించుకునే శక్తి మాత్రం ఆ వేగంతో పెరగడం లేదు. ఆ శక్తిని పెంచే సాధనం కావాలి అన్న నిర్ణయానికి వచ్చారు. రాడారు తెర మీద విమానం చుక్కలా కనబడినప్పుడు, కంప్యూటరు తెర మీద అక్షరాలు మాత్రం ఎందుకు కనబడవు? ఇదీ ఆయన తర్కం. అప్పటికి ఆయన కంప్యూటరు మొహం చూసి ఎరగరు!

అర్జీ ఇచ్చి ఎదురుచూసే రోజులు

ఆయన మాట విని చాలామంది ఎందుకు నవ్వారో తెలియాలంటే ఆనాటి కంప్యూటర్ల సంగతి కొంత చెప్పుకోవాలి. అప్పట్లో కంప్యూటరు అంటే ఒక గదినిండా నిలబెట్టిన ఇనప బీరువాలు. లెక్క చేయించుకోదలచినవాడు అట్ట కార్డులకు చిల్లులు పొడిపించి, ఆ కట్టను కిటికీ దగ్గర గుమాస్తాకు అప్పగించి వెళ్ళాలి. జవాబు గంటలకో, మరునాటికో కాగితం మీద వచ్చేది. ఒక్క చిల్లు తప్పు పడిందా, మళ్ళీ మొదటికే. తాలూకా కచేరీలో అర్జీ పెట్టుకుని తిరిగిన వారికి ఇది బాగా అర్థమవుతుంది.

అటువంటి కాలంలో, ఒక్కో మనిషి ముందు ఒక్కో తెర ఉండాలి, అది రోజంతా అతని కోసమే మేలుకుని ఉండాలి, మీట నొక్కిన మరుక్షణం పలకాలి అని ఈయన వాదించారు. కంప్యూటరు యంత్రం వెల లక్షల డాలర్లు. అంత ఖరీదైన దాన్ని ఉత్తరాలు దిద్దుకోవడానికి వాడతారా అని ఆ రంగంలోనే పలువురు ఆయన్ను పగటి కలల మనిషిగా తీసిపారేశారు.

అయినా 1962లో తన ఆలోచన మొత్తాన్ని ఒక పెద్ద నివేదికగా రాశారు. అమెరికా రక్షణ శాఖకు చెందిన 'ఆర్పా', అంతరిక్ష సంస్థ 'నాసా' డబ్బు ఇవ్వడానికి ముందుకు వచ్చాయి. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, స్టాన్‌ఫర్డ్ రిసెర్చి ఇనిస్టిట్యూట్‌లో చిన్న బృందం తయారైంది. 1968 నాటికి బృందంలో 17 మంది.

తెర మీది చుక్కను జరపడానికి ఏది అనువో వారు రకరకాల పరికరాలతో పరీక్షలు పెట్టారు. మోకాలితో కదిపేది కూడా ఒకటి ఉండేదట! చివరకు చెక్క డొల్ల కింద రెండు చక్రాలు బిగించిన పరికరం గెలిచింది. ఒక చక్రం ముందుకూ వెనక్కూ దొర్లుతుంది, రెండోది దానికి అడ్డంగా కుడి ఎడమలకు దొర్లుతుంది. చక్రం ఎంత తిరిగిందో అంత మేర తెర మీది చుక్క జరుగుతుంది. ఆలోచన ఎంగెల్‌బార్ట్‌ది, 1964లో దాన్ని చేసిపెట్టినవారు సహచరుడు బిల్ ఇంగ్లిష్. వెనకనుంచి తీగె తోకలా వేలాడటంతో ఎవరో ఎలుక అన్నారు. ఆ పేరే స్థిరపడింది. ఎందుకలా పిలుస్తున్నామో తనకూ తెలియదని, ఒక్కోసారి దానికి క్షమాపణ కూడా చెప్పుకుంటూంటానని ఎంగెల్‌బార్ట్ సభలోనే నవ్వుతూ అన్నారు.

తాడో పేడో తేలే గంటన్నర

మామూలుగా ఇలాంటి మహాసభల్లో వక్త ఏం చేస్తాడు? రాసి తెచ్చిన వ్యాసం చదువుతాడు. నాలుగు బొమ్మలు చూపిస్తాడు. 'మా యంత్రం ఇలా చేస్తుంది, అలా చేస్తుంది' అని చెప్పి దిగిపోతాడు. అందులో ప్రమాదం లేదు. ఎంగెల్‌బార్ట్ మాత్రం సభ ఎదుటే పని చేసి చూపిస్తానన్నారు.

చిక్కల్లా ఏమిటంటే, కంప్యూటరు ఉన్నది మెన్లో పార్కులో. సభ జరిగేది 30 మైళ్ళ దూరాన. బీరువాలను బండి మీద ఎక్కించి తేవడం అయ్యే పని కాదు. అందుకని బొమ్మనే గాలిలో తెప్పించాలని బిల్ ఇంగ్లిష్ పథకం వేశారు. పరిశోధనశాల కప్పు మీద 2 ఏంటెన్నాలు, మధ్యలో కొండ గట్టు మీది రోడ్డున నిలిపిన లారీ మీద 4, సభాభవనం కప్పు మీద 2. ఆ దారిన టెలివిజను బొమ్మ వస్తుంది. ఇక్కడ ఎంగెల్‌బార్ట్ నొక్కిన మీటల సంకేతాలు టెలిఫోను తీగె మీద అక్కడికి పోతాయి. తెర మీద బొమ్మను పెద్దదిగా వేయడానికి స్విట్జర్లాండు తయారీ 'ఐడోఫోర్' యంత్రాన్ని తెచ్చిపెట్టారు. హాలు వెనక భాగంలో బిల్ ఇంగ్లిష్ కూర్చుని, ఎప్పుడు ఏ కెమెరా బొమ్మ తెర మీదకు రావాలో నడిపించారు. వక్త చెవిలో ఉన్నదీ వారి మాటలే. మెన్లో పార్కులో కెమెరా పట్టినవారిలో స్టువర్ట్ బ్రాండ్ అనే పత్రికా సంపాదకుడు ఒకరు.

ఇదంతా పరిశోధన కోసం ఇచ్చిన డబ్బే. సభలో చూపించే ప్రదర్శనకు అంత ఖర్చు పెట్టవచ్చునా? డబ్బిచ్చిన అధికారులకు విషయం చూచాయగా తెలుసు. 'మాతో చెప్పకండి' అన్నట్టే ఊరుకున్నారని ఎంగెల్‌బార్ట్ తరువాత రాశారు. పని చెడితే అందరికీ ఇబ్బందే కదా! ఆ నాలుగు లంకెల్లో ఏ ఒక్కటి తెగినా తెర నల్లగా మారిపోతుంది. దేశంలోని కంప్యూటరు పెద్దలంతా చూస్తుండగా అలా జరిగితే, పగటి కలల మనిషి అన్న మాట నిజమేనన్న ముద్ర పడిపోతుంది. ఏళ్ళ తరబడి 17 మంది పడ్డ కష్టం ఆ మధ్యాహ్నం పణంగా నిలిచింది.

తెర మీద అరటిపళ్ళు, ఆస్పిరిన్

ప్రసంగం పెద్ద మాటలతో మొదలవలేదు. మీ ఆఫీసులో మీ కోసమే రోజంతా మేలుకుని, మీ ప్రతి కదలికకు వెంటనే బదులిచ్చే కంప్యూటరు ఉంటే దాన్నుంచి మీరెంత ప్రయోజనం పొందగలరు అన్న ఒక్క ప్రశ్న వేసి ఆయన పనిలోకి దిగిపోయారు.

మొదట ఖాళీ తెర మీద కొన్ని మాటలు కొట్టారు. వాటిని చెరిపారు, జరిపారు, అదే మాటను పది చోట్ల వేశారు. నేటి పిల్లలకు ఇది వింత కాదు. చిల్లుల కార్డులతో కుస్తీ పట్టే ఆనాటి ఇంజనీర్లు మాత్రం కళ్ళు అప్పగించి చూశారు.

తరువాత ఆయన ఎత్తుకున్నది ఏమిటో తెలుసా? ఇంటికి పోతూ కొనాల్సిన సరుకుల జాబితా! అరటిపళ్ళు, యాపిల్స్, క్యారట్లు, సూపు డబ్బా, ఆస్పిరిన్ బిళ్ళలు.. సంత రోజున ఇల్లాలు చేతికిచ్చే చీటీలాంటిదే. ఆ చీటీని తెర మీద రకాలవారీగా విడదీశారు. పళ్ళూ కూరగాయలూ ఒక తల కింద చేరాయి. తలను మాత్రం ఉంచి కింది వరుసలను దాచమంటే దాగాయి, చూపమంటే మళ్ళీ వచ్చాయి. అంతటితో ఊరుకోకుండా, ఇంటికి పోయే దారిని పటంలా గీసి చూపారు. దారిలో దుకాణాలు, గ్రంథాలయం. గ్రంథాలయం అన్న మాట మీద మౌసు చుక్క పెట్టి నొక్కగానే అక్కడ తనకున్న పని తెర మీదకు వచ్చింది. గడువు దాటిన పుస్తకాల సంగతి అది!

మాట మీద నొక్కితే దాని వెనకాల ఉన్న విషయం తెరుచుకోవడం - వెదురు గుడిసెలో చదివిన ఊహ ఇదే. ఇవాళ సెల్‌ఫోనులో నీలిరంగు అక్షరాల మీద వేలు పెడితే మరో పుట తెరుచుకుంటున్నది కదా, ఆ వరుసలోదే ఇదీ. శాస్త్రవేత్తల ముందు శాస్త్రాన్ని చెప్పడానికి సరుకుల చీటీని ఎంచుకోవడంలో ఆయన తెలివి ఉంది. క్షిపణి లెక్కలు చూపి ఉంటే కొందరికే బోధపడేవి. అరటిపళ్ళు అందరికీ తెలుసు.

ఎడమచేతి వైపు 5 మీటల సంగతి కూడా చెప్పుకోవాలి. హార్మోనియం మీద రెండు మూడు మెట్లు ఒకేసారి నొక్కినట్టు వీటిని కలిపి నొక్కితే ఒక్కో కలయిక ఒక్కో అక్షరం. అయిదింటితో 31 కలయికలు వస్తాయి. కుడిచేయి మౌసు మీదనుంచి తీయకుండానే ఎడమ చేత్తో రాసేస్తున్నారు. ఈ విద్య నేర్చుకోవడానికి మాత్రం సాధన కావాలి.

ప్రసంగం సాగేకొద్దీ తెర మూలన ఇతర ముఖాలు ప్రత్యక్షమయ్యాయి. 30 మైళ్ళ అవతల పరిశోధనశాలలో కూర్చున్న జెఫ్ రూలిఫ్సన్ అక్కడి నుంచే ఈ పద్ధతి లోపల ఎలా నడుస్తుందో వివరించారు. మరో యువకుడు బిల్ పాక్స్టన్, ఎంగెల్‌బార్ట్ ఒకే పుటను ఇద్దరూ చూస్తూ, ఒకరి ముఖం ఒకరికి కనబడుతుండగా మాట్లాడుకుంటూ పనిచేశారు. కరోనా కాలంలో, అంటే 2020లో మన పిల్లలు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోనులో పంతులుగారి పాఠం విన్నారే, ఆ తరహా ముచ్చటే 52 ఏళ్ళ ముందు ఆ హాలులో జరిగింది. దేశమంతటా కంప్యూటర్లను కలిపే వల ఒకటి రాబోతున్నదని కూడా ఆయన సభకు తెలిపారు. మరుసటి ఏడాది, 1969 అక్టోబరు 29న ఆ వల మీద మొదటి సందేశం లాస్ ఏంజిలిస్ నుంచి ఎంగెల్‌బార్ట్ ప్రయోగశాలకే చేరింది.

ఇంతటి పనినీ నడిపించిన ఆ కంప్యూటరు జ్ఞాపక శక్తి 192 కిలోబైట్లు. నేడు పొలం గట్టున సెల్‌ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు!

సభికుల్లో ఆలన్ కే అనే విద్యార్థి ఉన్నారు. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతోనే యూటా రాష్ట్రం నుంచి వచ్చి కూర్చున్నారు. తరువాతి కాలంలో సొంత కంప్యూటరు ఆలోచనకు రూపు తెచ్చినవారిలో ఈయన ముఖ్యుడు. ఆ రోజు చూసింది తన జీవితాన్నే మార్చిందని ఆయన పలుమార్లు చెప్పారు.

అదే సంపుటంలో మన కాటూరు

ఈ ముచ్చటలో తెలుగువారికీ ఒక భాగం ఉంది. ఆ మహాసభ వ్యాసాల సంపుటంలో ఎంగెల్‌బార్ట్, ఇంగ్లిష్‌ల వ్యాసంతో పాటు, చేతులు, కళ్ళు, చెవులు ఉన్న కంప్యూటరు గురించి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి వ్యాసం కూడా అచ్చయింది. దాన్ని రాసిన నలుగురిలో ఒకరు దబ్బాల రాజగోపాల రెడ్డి. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రైతుబిడ్డ. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, మనిషి మాటను కంప్యూటరుకు వినడం నేర్పే పనిలో పడ్డారు. లోకం ఆయన్ను రాజ్ రెడ్డిగా ఎరుగును. కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి 1994లో మరొకరితో కలిసి ఆయనకు వచ్చింది. ఎంగెల్‌బార్ట్‌కు అదే బహుమతి 1997లో, అంటే మూడేళ్ళు వెనకగా దక్కింది.

నాటింది ఒకరు, కోసింది వేరొకరు

అంత చప్పట్లు మోగాయి గదా, మరునాటి నుంచి లోకం ఆయన వెంట నడిచిందా అంటే, లేదు. సభ లేచి నిలబడింది కానీ సభికుల్లో అధికులు తిరిగిపోయి తమ చిల్లుల కార్డుల పనే చేసుకున్నారు. 1970 దశకంలో నిధులు సన్నగిల్లాయి. బిల్ ఇంగ్లిష్ 1971లో జిరాక్స్ కంపెనీ వారి కొత్త పరిశోధనశాలకు వెళ్ళిపోయారు. ఆయన బాటలోనే మరికొందరు. మౌసు కూడా వారితోనే అక్కడికి చేరి, ఆ తరువాత ఆపిల్ కంపెనీ చేతుల మీదుగా 1980 దశకంలో బజారుకెక్కింది.

మౌసు పేటెంటు 1970లో ఎంగెల్‌బార్ట్ పేరనే వచ్చినా హక్కు మాత్రం సంస్థది. సంస్థ దాన్ని ఆపిల్‌కు సుమారు 40,000 డాలర్లకు ఇచ్చిందని ఆయనే తరువాత చెప్పారు. కోట్లాది మౌసులు అమ్ముడుపోయే నాటికి పేటెంటు గడువు తీరిపోయింది. అందులో ఆయనకు ముట్టినది శూన్యం.

డబ్బు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడినట్టు కనబడదు. బాధంతా వేరే చోట ఉంది. జనం మౌసును పుచ్చుకున్నారు, తెరను పుచ్చుకున్నారు. నలుగురూ కలిసి ఆలోచించే సాధనం అన్న అసలు సంగతిని వదిలేశారన్నది ఆయన మాట. అందరూ 'తేలిక, తేలిక' అంటూ పోతున్నారని కూడా ఆయనకు అసంతృప్తి. మూడు చక్రాల బండి పసివాడికి తేలికే, నేర్చుకోనక్కరలేదు. కానీ దాని మీద ఎంత దూరం పోగలరు? సైకిలు నేర్చుకునేటప్పుడు మోకాళ్ళు దోక్కుపోతాయి, నేర్చుకుంటే మాత్రం పొరుగూరికి పోవచ్చు అన్న వాదన ఆయనది. ఈ వాదనలో న్యాయం ఉంది. అయితే 31 కలయికలు బట్టీ పట్టమంటే ఎంతమంది పడతారు? ఆయన మార్గంలో నడిచేవారు తగ్గిపోవడానికి అదీ ఒక కారణమే.

1978 ప్రాంతంలో ఆయన ప్రయోగశాలే మరో కంపెనీకి అమ్ముడుపోయింది. చాలా ఏళ్ళు ఆయన పేరు పట్టించుకున్నవారు లేరు. 1994లో ఒక రచయిత తన పుస్తకంలో ఆ నాటి ప్రసంగాన్ని 'ప్రదర్శనలన్నింటికీ తల్లి' అన్న అర్థం వచ్చే మాటతో పిలిచాక కొత్త తరం దాన్ని మళ్ళీ వెతికి పట్టుకుంది. 1998లో, 30 ఏళ్ళు నిండిన రోజున, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయనకు పెద్ద సభ జరిపారు. 2000లో అమెరికా ప్రభుత్వం జాతీయ పతకం ఇచ్చింది. 2013 జూలై 2న 88వ ఏట కన్నుమూశారు. హాలు వెనక కూర్చుని ఆ రోజంతా నడిపించిన బిల్ ఇంగ్లిష్ 2020లో పోయారు.

ఆనాటి గంటన్నర మొత్తాన్నీ ఫిలిం మీద పట్టి ఉంచారు. అది నలుపు తెలుపు బొమ్మ. తెల్లచొక్కా, టై కట్టుకున్న మనిషి మెల్లగా, కాస్త బిడియంగా మాట్లాడుతుంటాడు. సెల్‌ఫోను ఉన్నవారెవరైనా పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. కాసేపటికే అరటిపళ్ళ చీటీ వస్తుంది.